విడుదల తరువాత: తెలుగు కారాగార సాహిత్యంలో చదువు, పని, బయటి బతుకు

వ్యాససంగ్రహం:

తెలుగులో కారాగార సాహిత్యానికి వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అందులో ఖైదీల చదువుకు, రచనకు గౌరవస్థానం దక్కింది. శిక్ష ముగించుకొని వచ్చిన సామాన్య ఖైదీ పని కోసం ఎవరి గుమ్మం తొక్కాడు, ఏ సమాధానం విన్నాడు అన్న ఘట్టం మాత్రం ప్రధాన రచనల్లో అరుదు. రాజకీయ ఖైదీ అనుభవం నుంచి పుట్టిన ‘జైలే విశ్వవిద్యాలయం’ అనే రూపకం ఖైదీలందరికీ వర్తించే సత్యంగా చలామణి కావడం ఈ లోటుకు ముఖ్యకారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’, వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ రచనలను, దుర్గాబాయి దేశ్‌ముఖ్ కృషిని, నేటి సంస్కరణ పరిభాషను ఈ కోణంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కారాగార సాహిత్యం, విడుదల, జైలు చదువు, ఉపాధి, సెటిల్మెంటు, మాలపల్లి, వట్టికోట ఆళ్వారుస్వామి, దుర్గాబాయి దేశ్‌ముఖ్.

1. మాటల్లో లోపల, బయట

సంస్కృతంలో ‘శిక్షా’ శబ్దానికి నేర్చుకోవడమని అర్థం. వేదాంగాల్లో ఉచ్చారణశాస్త్రానికి అదే పేరు. హిందీలో ఈనాటికీ ఆ మాట చదువునే చెబుతుంది. తెలుగులో ‘శిక్ష’ దండన అయింది. తర్ఫీదు అనే అర్థాన్ని ‘శిక్షణ’ మోస్తున్నది. శిక్షను శిక్షణగా మార్చాలనడం జైలు సంస్కరణ ఉపన్యాసకులకు సులువుగా అందివచ్చే శ్లేష. ఒక్క అక్షరం చేరిస్తే పని జరిగిపోయినట్లు అది భ్రమపెడుతుంది.

జైలుకు వెళ్ళడాన్ని గురించి తెలుగు నుడికారం చాలా ఉదారమైనది. శ్రీకృష్ణ జన్మస్థానం అంటారు. అత్తారిల్లు అంటారు. చిప్పకూడు తినడం, ఊచలు లెక్కపెట్టడం, కటకటాల వెనక్కి పోవడం అంటారు. వీటిలో వెటకారం ఉంది, చనువు ఉంది, ‘శ్రీకృష్ణ జన్మస్థానం’లో కొంత గౌరవం కూడా ఉంది. బయటికి వచ్చిన మనిషిని పిలవవలసి వచ్చేసరికి ఇదే భాష నిరుపేద అవుతుంది. పాత నేరస్తుడు, రౌడీషీటరు, కేడీ వంటివే మిగులుతాయి. వీటిలో ‘కేడీ’ కథ గమనించదగినది. ‘నోన్ డిప్రెడేటర్’ అనే రెండు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు అవి. పోలీసు స్టేషను రిజిస్టరులో ఒక వర్గానికి పెట్టుకున్న గుర్తు. రిజిస్టరు దాటి రచ్చబండకు వచ్చి, అల్లరి పిల్లవాణ్ణి తల్లి ముద్దుగా తిట్టే మాటగా కూడా స్థిరపడింది. విడుదలైన మనిషికి పోలీసు శాఖ పెట్టిన పేరును తెలుగు ఇంటిభాషలో కలుపుకొన్నది. అతనికి సాహిత్యం పెట్టిన పేరంటూ ఒకటి లేదు.

‘పునరావాసం’ అనే అధికారిక పదం సంగతీ ఇంతే. ఆనకట్టల కింద ఊళ్ళు మునిగినవారికి వాడే పదాన్నే జైలు నుంచి వచ్చినవారికీ వాడుతున్నారు. అందులో ఆవాసం ఉంది, జీవనోపాధి లేదు. ‘సత్ప్రవర్తన’ది మరో తీరు. జాతీయ దినోత్సవాల వేళ ప్రభుత్వాలు కొందరు ఖైదీలకు ముందస్తు విడుదల ప్రసాదించినప్పుడు పత్రికల్లో ఆ మాట విధిగా కనబడుతుంది. ఆ సత్ప్రవర్తన లోపల నడిచిన నడతకు అధికారులిచ్చిన యోగ్యతాపత్రం. పని ఇవ్వవలసిన యజమాని దృష్టిలో దానికి విలువ ఎంత అన్నది వార్తకు సంబంధం లేని విషయం. ఫోటో గేటు దగ్గరే ఆగుతుంది.

2. గోపన్న విడుదల, వాల్జీన్ విడుదల

తెలుగువారి స్మృతిలో అందరికంటే ప్రసిద్ధుడైన ఖైదీ కంచెర్ల గోపన్న. గోల్కొండ చెరసాల, కీర్తనలు, చివరికి రామలక్ష్మణులు స్వయంగా తానీషాకు పైకం చెల్లించి రసీదు పుచ్చుకోవడం తెలియని తెలుగువారు తక్కువ. భక్తి సంప్రదాయంలో ఈ కథకున్న అర్థం వేరు. కారాగార కథనంగా చూస్తే మరో సంగతి బయటపడుతుంది. ఇక్కడ విడుదల అంటే బాకీ తీరడం. రసీదు అందింది కనుక మచ్చ మిగలలేదు. ‘పాత ఖైదీ’ అనే స్థితి గోపన్నకు లేనే లేదు. చెర నుంచి నేరుగా ‘రామదాసు’ అయ్యాడు.

బాకీ తీరినా రసీదు చెల్లని విడుదల ఎలా ఉంటుందో తెలుగు ప్రేక్షకులు చూసింది ఒక ఫ్రెంచి నవల పుణ్యాన. విక్టర్ హ్యూగో ‘లే మిజరబ్ల్’ ఆధారంగా 1950లో ఒకసారి, 1972లో మరొకసారి ‘బీదలపాట్లు’ పేరుతో చిత్రాలు వచ్చాయి. మూలనవలలో జీన్ వాల్జీన్ పంతొమ్మిదేళ్ళు తూలాన్ కారాగారంలో గడిపి 1815లో బయటికి వస్తాడు. చేతిలో పసుపుపచ్చని గుర్తింపు కాగితం. దాన్ని చూసి సత్రంవాళ్ళు చోటివ్వరు. ఈ సన్నివేశం జగత్ప్రసిద్ధం. దాని వెనక హ్యూగో వేసిన రెండు చిన్న లెక్కలు ఈ చర్చకు మరింత అవసరం. మొదటిది కూలి లెక్క. పంతొమ్మిదేళ్ళ చాకిరీకి వాల్జీన్ వేసుకున్న అంచనా ఒకటి, సెలవు దినాల పేరుతో, రకరకాల కోతలతో పోగా చేతికి వచ్చింది 109 ఫ్రాంకుల 15 సూలు. విడుదలైన మర్నాడే గ్రాస్ పట్టణంలో నారింజపూల అత్తరు బట్టీ దగ్గర బస్తాలు దించే పనికి కుదిరితే, అక్కడి రోజుకూలి ముప్పయి సూలు. పోలీసు వచ్చి కాగితం చూసి వెళ్ళాక యజమాని అతని చేతిలో పెట్టింది పదిహేను. అదనంగా అడిగితే వినిపించిన జవాబు, అతనికి అదే ఎక్కువ అన్నది.

రెండోది చదువు లెక్క. తూలాన్ కారాగారంలో మతగురువులు నడిపే బడి ఉంది. నలభై ఏళ్ళ వయసులో వాల్జీన్ అక్కడ చదవడం, రాయడం, లెక్క కట్టడం నేర్చుకుంటాడు. ఈ విద్య అతన్ని మంచివాణ్ణి చేసిందని హ్యూగో రాయడు. తెలివి పదునెక్కినకొద్దీ కసి కూడా పదునెక్కిందని రాస్తాడు. తనకు జరిగిన అన్యాయాన్ని కూడికలు తీసివేతలతో తేల్చుకోగలగడమే ఆ చదువు తొలిఫలం. జైలు చదువు సహజంగానే మనిషిని మెత్తబరుస్తుందనే నమ్మకాన్ని ఇంత తేలిగ్గా పక్కకు తోసిన ఘట్టం మరోచోట దొరకడం కష్టం. హ్యూగో ఆపాదించిన తప్పు చదువుది కాదు. బయట పదిహేను సూల యజమాని ఉన్నంతకాలం లోపలి బడి ఏమి నేర్పినా దాని ఫలితం బడి చేతిలో ఉండదని ఈ రెండు లెక్కలు కలిపి చెబుతున్నాయి.

3. విశ్వవిద్యాలయ రూపకం ఎవరిది?

తెలుగులో ఆధునిక కారాగార జీవితకథలు హ్యూగో దారిన నడవలేదు. నడవనవసరం కూడా వాటికి కలగలేదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వందేమాతరం ఉద్యమం రోజుల్లో రాజమహేంద్రవరం ట్రైనింగు కళాశాలకు దూరమై, ‘స్వరాజ్య’ పత్రికలోని రచనకు 1908లో జైలుకు వెళ్ళాడు. తరువాతి దశాబ్దాల్లో గ్రంథాలయోద్యమానికి, వయోజనవిద్యకు ఆయన పెద్దదిక్కు. ఉన్నవ లక్ష్మీనారాయణ పల్నాటి పుల్లరి ఉద్యమం సందర్భంగా జైలుకు వెళ్ళి, 1922లో వేలూరు జైల్లో ‘మాలపల్లి’ రాశాడు. నిజామాబాదు జైల్లో దాశరథి గోడలమీద బొగ్గుతో పద్యాలు రాస్తుంటే తోడున్నది వట్టికోట ఆళ్వారుస్వామి. ‘అగ్నిధార’ను దాశరథి ఆయనకే అంకితం చేశాడు. వరవరరావు ‘సహచరులు’ లేఖల్లో పుస్తకం, చెట్టు, పిట్ట, పక్క గదిలోని మనిషి అన్నీ ఒంటరితనానికి తోడు నిలుస్తాయి.

ఇంత సంపద ఉన్నచోట జైలును విశ్వవిద్యాలయం అనడం సహజమే. ఆ మాటలో అబద్ధం లేదు. చిక్కు దాని పరిధితోనే వస్తుంది. రాజకీయ ఖైదీకి విడుదల అంటే తిరిగి రావడం. అతను వదిలి వెళ్ళిన పార్టీ, పత్రిక, సంఘం అలాగే ఉంటాయి. కొన్నిసార్లు పూలదండ కూడా ఉంటుంది. జైలుకు వెళ్ళడం అతని అర్హతల పట్టికలో చేరుతుంది. స్వాతంత్ర్యానంతరం అదే పింఛనుకు, తామ్రపత్రానికి ఆధారమైంది. కోళ్ళ దొంగతనానికో, గట్టు తగాదాలో జరిగిన హత్యకో శిక్షపడిన మనిషికి అదే గేటు, అదే చిప్పకూడు, బహుశా అదే అక్షరాల పలక. బయటికి వచ్చాక వాటిలో ఏదీ అర్హత కాదు. లోపల అతనికి అక్షరాలు దిద్దించింది చాలాసార్లు ఆ రాజకీయ ఖైదీయే. గురువు ఆత్మకథ రాశాడు. శిష్యుడు ఆ ఆత్మకథలో ఒక పేరాగా మిగిలాడు, పేరు ఉండీ లేకా.

సినిమా ఈ ఖాళీని మరో విధంగా పూరించింది. ‘ఖైదీ’ అనే మాట తెలుగులో విజయవంతమైన చిత్రాల శీర్షికగా పలుమార్లు వినియోగమైంది. వెండితెరమీది ఖైదీ బయటికి వచ్చేది లెక్కలు తేల్చుకోవడానికి. పగకు కూలిరేటు అవసరం లేదు కనుక ఉపాధి ప్రశ్న తలెత్తదు.

4. ‘మాలపల్లి’: పని కల్పించే చెర

ఈ నేపథ్యంలో ‘మాలపల్లి’ని తిరిగి చదవవలసి ఉంది. జాతీయోద్యమ నవలగా, దళిత జీవితాన్ని కేంద్రానికి తెచ్చిన తొలి పెద్ద నవలగా, వ్యావహారిక భాషా విజయంగా విమర్శకులు దానికి ఇచ్చిన స్థానం న్యాయమైనదే. అయితే జైలు, నేరం, పని అనే మూడింటి సంబంధం గురించి ఆ నవల చేసిన ఆలోచన ఈ చర్చల్లో వెనకబడింది.

రామదాసు కుటుంబం మొదట భూమిని కోల్పోతుంది. కొడుకు సంగదాసు చౌదరయ్య చేతిలో చనిపోతాడు. మరో కొడుకు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై ధనికుల ఇళ్ళకు ‘ధర్మకన్నాలు’ వేస్తాడు. మిగిలినవారు సెటిల్మెంటు పాలవుతారు. జ్యోతి ప్రాణం పోయేది ఆ ఘట్టంలోనే. సెటిల్మెంటు అన్నది ఇప్పటి పాఠకులకు ఒక భవనంలాగో కాలనీలాగో తోచవచ్చు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికి విస్తరించాక, నేరం రుజువు కాకపోయినా పుట్టుక ఆధారంగా కుటుంబాలకు కుటుంబాలనే నిర్బంధించి పని చేయించిన స్థలాలు అవి. ఎరుకల కుటుంబాల కోసం ఏర్పడిన స్టువర్టుపురాన్ని ముక్తిఫౌజు నడిపింది. దానికా పేరు మద్రాసు గవర్నరు మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ మీదుగా వచ్చింది. బడి ఉండేది, ప్రార్థన ఉండేది, హాజరు ఉండేది. చీరాల పొగాకు కంపెనీలో కూలి ఉండేది. నేటి పరిభాషలో చెప్పాలంటే విద్య, నైపుణ్యం, ఉపాధి మూడూ ఒకేచోట దొరికే ‘సమగ్ర పునరావాసం’. ఒక్క విడుదల మాత్రమే లేదు.

ఉన్నవకు ఈ వ్యవస్థ స్వభావం అర్థమైంది. సెటిల్మెంటులో పని దొరకడం అతనికి ఊరట అనిపించలేదు. పని కల్పించేవాడూ, కాపలా కాసేవాడూ, నడతను తూకం వేసేవాడూ ఒకడే అయినప్పుడు కూలివాడికి ‘ఈ పని నాకొద్దు’ అనే చిన్న స్వేచ్ఛ కూడా మిగలదని ఆ కుటుంబం విధ్వంసం ద్వారా చూపించాడు. ఇందుకు ఎదురుగా నవల నిలబెట్టింది సంగదాసు స్మృతిగా వెలసిన సంగపీఠాన్ని. అదీ చదువు చెప్పేదే. కాని అది పల్లె తనకోసం తాను ఏర్పరచుకున్నది; దానికి ప్రహరీ లేదు. ఉన్నవ గుంటూరులో శారదానికేతనం స్థాపించిందీ నవల రాసిన 1922లోనే. స్త్రీలకు చదువుతో పాటు బతుకుతెరువు చూపాలన్న ఆలోచన నవలాకారుడికీ, సంస్థాపకుడికీ ఉమ్మడిది.

ఇంత చూసిన ‘మాలపల్లి’ కూడా ఒకచోట తప్పుకొంది. వెంకటదాసు జైల్లోనే కన్నుమూస్తాడు. రామదాసు బయటికి వస్తాడు. వచ్చి ఊళ్ళో కుదురుకోడు, విరక్తుడై తపస్సుకు వెళ్ళిపోతాడు. గోపన్నను గుర్తుచేసే పేరున్న పాత్రకు ఆ ముగింపు పొసగుతుందని వాదించవచ్చు. అయినా గమనించవలసినది ఉంది. భూమి పోయిన రైతు జైలు నుంచి వచ్చి మళ్ళీ ఏ పొలంలో దిగాలి, ఏ కామందు కింద పాలేరుగా చేరాలి అన్న ప్రశ్న అంతవరకూ నవలను నడిపించిన ఆర్థికవాస్తవికత నుంచే పుట్టింది. సమాధానం మాత్రం ఆధ్యాత్మికత నుంచి వచ్చింది. ఒక కొడుకుకు మరణం, తండ్రికి వైరాగ్యం. కారాగారం నుంచి పనిలోకి వెళ్ళే దారి ఉన్నవ కలానికీ దొరకలేదు.

5. ‘అవకాశమిస్తే’: కర్త లేని వాక్యం

వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961) వంటపని చేస్తూ చదువు నేర్చుకున్నవాడు. తరువాత దేశోద్ధారక గ్రంథమాలను నడిపినవాడు. చదువు ఒకచోట, బతుకుతెరువు మరొకచోట ఉంటాయన్న విభజన ఆయన జీవితంలో లేదు. జైలుకు వెళ్ళినప్పుడు ఆయన కళ్ళు తోటి రాజకీయ ఖైదీల మీద మాత్రమే నిలవకుండా మామూలు నేరస్థుల వైపు తిరగడానికి ఇదొక కారణం కావచ్చు. ఆ చూపు ఫలితం ‘జైలు లోపల’ కథలు. తెలుగులో సామాన్య ఖైదీని సాక్షిగా కాక కథానాయకుడిగా తీసుకున్న తొలి గట్టి ప్రయత్నం ఇదే అనడం అతిశయోక్తి కాదు.

సంపుటిలోని కొన్ని శీర్షికలను వరసగా చదివితేనే రచయిత వాదం తెలుస్తుంది: ‘పరిసరాలు’, ‘విధి లేక’, ‘పతితుని హృదయం’, ‘అవకాశమిస్తే’. నేరానికి కారణం పరిసరం. చేసినవాడికి గత్యంతరం లేదు. పతితుడికీ హృదయం ఉంది. అవకాశం ఇస్తే మారతాడు. అభ్యుదయ దృక్పథం ఉన్న రచయితకు ఇది సహజమైన వరస. ‘అవకాశమిస్తే’ దగ్గర మాత్రం ఆగాలి. వ్యాకరణరీత్యా అది అసంపూర్ణవాక్యం. చేదర్థకం ఉంది, కర్త లేదు. ఎవరిస్తే? జైలరా, సర్కారా, పాత ఊరి కామందా, పట్నంలోని దుకాణదారా? తెలుగు వాక్యానికి కర్తను దాచిపెట్టే వెసులుబాటు ఉండడం ఇక్కడ మన ఆలోచనకు కూడా వెసులుబాటు అయింది. విడుదలైనవారి గురించి ఆ తరువాత వచ్చిన ఉపన్యాసాల్లో, సంపాదకీయాల్లో ఇదే వాక్యం కర్త లేకుండానే తిరుగుతున్నది.

సంపుటి పేరు కూడా తన హద్దును తానే చెప్పుకుంటుంది. ‘లోపల’ అన్న మాటకు జతగా రావలసిన ‘బయట’ను ఆళ్వారుస్వామి రాయలేదు. ఇది ఆయన లోపమని చెప్పడం అన్యాయం. చెరలో ఉన్న మనిషి చూడగలిగినంత మేర చూసి నమ్మకంగా రాశాడు. లోపమంతా ఆ తరువాతి ఏడు దశాబ్దాలది. ‘జైలు లోపల’కు వారసులు వచ్చారు గాని, ఎక్కువమంది మళ్ళీ రాజకీయ ఖైదీ కిటికీ దగ్గరకే వెళ్ళారు.

6. ఆత్మకథ నుంచి సంఘం దాకా

‘బయట’ను గురించి ఆలోచించిన మాజీ ఖైదీ లేకపోలేదు. ఆమె ఆలోచించింది కథలో కాదు, కమిటీలో. దుర్గాబాయి ఉప్పు సత్యాగ్రహ కాలంలో వేలూరు, మధుర జైళ్ళలో గడిపింది. అక్కడ సామాన్య నేరాలకు శిక్షపడిన స్త్రీలను, తమమీద మోపిన ఆరోపణ ఏమిటో కూడా అర్థం కాని స్త్రీలను దగ్గరగా చూడడం తాను న్యాయశాస్త్రం వైపు మళ్ళడానికి ఒక ప్రేరణ అని చెప్పుకున్నది. విడుదలయ్యాక ఆగిన చదువును ప్రైవేటుగా మొదలుపెట్టి న్యాయవాది దాకా వెళ్ళింది. 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. చదువు మధ్యలో ఆగినవారికి, ఆధారం లేని స్త్రీలకు పరీక్ష, వృత్తి రెండూ ఒకే ఆవరణలో అందించిన సంస్థ అది.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినప్పుడు దుర్గాబాయి దాని తొలి అధ్యక్షురాలు. మరుసటి ఏడే ఆ మండలి, సంస్థల నుంచి బయటికి వచ్చేవారి అనంతర సంరక్షణపై ఎం.ఎస్. గోరే అధ్యక్షతన సలహాసంఘాన్ని నియమించింది. జైళ్ళ నుంచి, బాలనేరస్థుల గృహాల నుంచి వచ్చేవారికి తాత్కాలిక వసతి, వృత్తి, పనిచూపే బాధ్యత ఎవరిదన్నది ఆ సంఘం పరిశీలించిన విషయాల్లో ఒకటి. ఆశ్రయగృహాల పథకాలకు రెండో పంచవర్ష ప్రణాళికలో చోటు దక్కడానికి అది దారితీసింది. ‘అవకాశమిస్తే’ అన్న వాక్యానికి ‘రాజ్యం’ అనే కర్తను చేర్చే ప్రయత్నంగా దీన్ని చదవవచ్చు. తెలుగు విమర్శ దుర్గాబాయి స్వీయచరిత్రను స్త్రీల ఆత్మకథల వరసలో చదివింది. జైలు రచనగా చదివినది తక్కువ. మధుర గదికీ ఈ సలహాసంఘానికీ మధ్య ఉన్న దారిని పరిశీలించినది ఇంకా తక్కువ.

ఆ తరువాత నివేదికలకు కొదవ లేదు. 1980–83 నాటి ముల్లా కమిటీ, 1987 నాటి స్త్రీఖైదీల స్థితిగతులపై కృష్ణయ్యర్ కమిటీ, 2016 నమూనా జైలు మాన్యువల్ అన్నీ ఈ అంశాన్ని ప్రస్తావించినవే. 1894 నాటి ప్రిజన్స్ చట్టానికి బదులుగా రాష్ట్రాల ముందుకు 2023లో ఒక నమూనా చట్టం వచ్చింది. వీటి భాషలో క్రమంగా ‘ఖైదీ’ బదులు ‘సంస్కరణ’, ‘జైలు’ బదులు ‘దిద్దుబాటు’ వంటి మాటలు పెరిగాయి. మారవలసినవాడు ఎప్పుడూ లోపలివాడే అన్న ఊహ మాత్రం మారలేదు. పదిహేను సూల యజమానిని దిద్దే అధ్యాయం ఏ మాన్యువల్‌లోనూ ముఖ్యం కాలేదు.

7. తీర్పు, బంకు, రిమాండు

ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన మహమ్మద్ గియాసుద్దీన్ కేసులో 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును న్యాయవాదులే కాక సాహిత్య విద్యార్థులూ చదవవచ్చు. కృష్ణయ్యర్ వాక్యం ఎప్పటిలా అలంకారభరితంగా, కొన్నిచోట్ల ఊపిరి ఆడనివ్వనంతగా ఉంటుంది. నేరం ఏమిటంటే, ఉద్యోగాలు ఇప్పిస్తామని నమ్మించి యువకుల దగ్గర డబ్బు గుంజడం. శిక్షను తగ్గిస్తూ న్యాయస్థానం, నిందితుడి చదువుకు తగిన పని జైల్లో ఇవ్వాలనీ, దానికి వేతనం చెల్లించాలనీ ఆదేశించింది. నిరుద్యోగం మీద నేరం చేసినవాడికి ఉద్యోగం రూపంలో చికిత్స చెప్పడం! ఈ కేసులోని వ్యంగ్యాన్ని ఏ కథకుడూ అందుకోకపోవడం ఆశ్చర్యమే. ఖైదీల శ్రమకు న్యాయమైన వేతనం ఉండాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో మరింత స్పష్టంగా చెప్పింది 1998లో.

ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల జైళ్ళలో సార్వత్రిక విశ్వవిద్యాలయాల అధ్యయనకేంద్రాలు ఉన్నాయి. తెలంగాణలో నిరక్షరాస్య ఖైదీలకు అక్షరాలు నేర్పే ‘విద్యాదానం’ కార్యక్రమం నడిచింది. అనంతపురం, చర్లపల్లిలో బహిరంగ వ్యవసాయ జైళ్ళు ఉన్నాయి. జైళ్ళ శాఖలే పెట్రోలు బంకులు నడుపుతూ ఖైదీలకు, విడుదలైనవారిలో కొందరికి అక్కడ కొలువు ఇస్తున్నాయి. చంచల్‌గూడ బంకులో పెట్రోలు పోయించుకొనే నగరవాసికి ఆ చేతులు ఎవరివో తెలుసు, తెలిసే వస్తున్నాడు. తూకం సరిగా ఉంటుందన్న పేరు ఆ బంకులకు రావడం అందరికంటే ముందు అక్కడ పనిచేసేవారి విజయం. దాన్ని తక్కువ చేయనక్కరలేదు. అయితే ‘మాలపల్లి’ చదివిన పాఠకుడికి ఒక సందేహం రాక మానదు. కాపలా కాసిన శాఖే యజమాని కావడం సెటిల్మెంటు ఛాయ కాదా? తేడా స్పష్టంగానే ఉంది: ఈ కొలువును వదిలి వెళ్ళవచ్చు. వెళ్ళి చేరడానికి మరో బంకు, శాఖతో సంబంధం లేని మామూలు బంకు, ఆ మనిషికి పని ఇస్తుందా అన్నదానిమీదే ఆ తేడాకు ఉన్న విలువంతా ఆధారపడింది.

‘విద్యాదానం’ అన్న పేరు గురించి కూడా ఒక మాట. దానం అనేసరికి పుచ్చుకొనేవాడి హక్కు వెనక్కి పోతుంది. వయోజనవిద్యను పౌరుడి అవసరంగా మాట్లాడిన హరిసర్వోత్తమరావు నుంచి చూస్తే ఈ పేరు ముందడుగు కాదు.

వీటన్నిటికీ అందని పెద్ద సమూహం మరొకటి ఉంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు విచారణలో ఉన్నవారే. వారికి శిక్ష పడలేదు కనుక జైలుపని వారికి విధి కాదు. ఎప్పుడు బెయిలు వస్తుందో తెలియదు కనుక ఆరునెలల కోర్సుకైనా పేరు రాయించుకొనే ధైర్యం ఉండదు. సంస్కరణ పథకాలు మాట్లాడే భాషకు విడుదల తేదీ ఒకటి ముందే తెలిసి ఉండాలి. రిమాండు ఖైదీకి అది లేదు. పదునాలుగేళ్ళ శిక్ష ముగించిన జీవితఖైదీ ఒక డిగ్రీ పట్టాతో బయటికి వచ్చే అవకాశం ఉన్నది. మూడేళ్ళు రిమాండులో ఉండి నిర్దోషిగా వచ్చినవాడి చేతిలో తీర్పు ప్రతి తప్ప మరో కాగితం ఉండదు. పని అడగబోయినప్పుడు మేస్త్రీ గాని, దుకాణదారు గాని వేసే మొదటి ప్రశ్న ‘ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?’ అన్నదే. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పాలా, నిజం చెప్పాలా అని గుమ్మం ముందు తటపటాయించే ఆ కాసేపు తెలుగు కథలోకి ఇంకా రావలసి ఉంది. రాజకీయ ఖైదీకి ఆ ప్రశ్న ఎదురు కాలేదు, గోపన్నకు అసలు పుట్టలేదు, వాల్జీన్‌కు అడగకముందే కాగితం జవాబు చెప్పేసింది.